పెరటి ప్రశ్నలు: తుంగ పీకితే పోదు

తొలకరి పడి పదిహేను రోజులు దాటిందంటే నాకొచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. ఎండాకాలమంతా 'గడ్డి మాడిపోతోంది సార్' అని రాసినవాళ్లే ఇప్పుడు 'గడ్డి తప్ప అన్నీ మొలుస్తున్నాయి' అని రాస్తారు. అందుకే ఈ సంచికలో అన్నీ లాన్ ప్రశ్నలే. గులాబీలవాళ్లు, మల్లెలవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి. ఇంకో మనవి. మందు పేరు అడిగేముందు మొక్కను వేరుతో సహా పెకిలించి ఫొటో తీసి పంపండి. ఆకు చూసి చెప్పగలిగేది సగమే. అసలు కథంతా మట్టి కింద ఉంటుంది.

ప్రశ్న: మా ఇంటి ముందు నలభై గజాల లాన్ ఉంది. పోయినేడు మెక్సికన్ గడ్డి వేయించాం. వానలు మొదలైన దగ్గర్నుంచి గడ్డి మధ్యలో నిలువుగా, మెరుస్తూ ఇంకో గడ్డి లేస్తోంది. రెండు రోజుల్లోనే లాన్ కన్నా ఎత్తు పెరుగుతోంది. పీకేస్తే వారం తిరక్కుండా ఒకటున్న చోట రెండు మొలుస్తున్నాయి. మాలి గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొట్టేద్దామంటున్నాడు. పక్కనున్న గడ్డి పాడవుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?
ఓ గృహిణి, సైనిక్‌పురి

జవాబు: ముందు మీ మాలిని ఆపండమ్మా. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీరు రాసిన గుర్తులను బట్టి అది తుంగ. రూఢి చేసుకోవాలంటే ఒక కాడ తెంపి బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి తిప్పండి. మామూలు గడ్డి కాడయితే నున్నగా తిరుగుతుంది. తుంగ కాడకు మూడంచులుంటాయి, వేళ్లకు తగులుతాయి. ఆకులు కూడా మూడు వైపులకే వస్తాయి. ఇంకా అనుమానంగా ఉంటే తడి మట్టిలోంచి మెల్లగా తవ్వి చూడండి. అడుగున నల్లటి చిన్న గడ్డ ఉంటుంది, గీరితే మంచి వాసన వస్తుంది. పచారీ కొట్లో తుంగముస్తలని పొట్లం కట్టి ఇచ్చేవి అవే. సున్నిపిండిలోకి డబ్బిచ్చి కొనుక్కుంటాం, లాన్‌లో ఊరికే వస్తే ఏడుస్తాం.

పీకితే రెండెందుకు వస్తున్నాయంటే, తుంగ గడ్డలు ఒంటరిగా ఉండవు. సన్నటి తీగలాంటి వేరు మీద ఒకదాని వెనక ఒకటి గొలుసుగా ఉంటాయి. చివరి గడ్డ మొలకెత్తి ఉన్నంతకాలం వెనకవి నిద్రలో ఉంటాయి. మీరు పైనుంచి గట్టిగా లాగినప్పుడు మొలక చేతికొస్తుంది, గొలుసు తెగి లోపలే ఉండిపోతుంది. అప్పటిదాకా పడుకున్న గడ్డలు అప్పుడు లేస్తాయి. నేను సర్కారు తోటల్లో పనిచేసే రోజుల్లో మా పెద్దమాలి ఒకాయన అంటుండేవాడు, "తుంగను గుంజుతుంటే గుంజెటోడు అలుస్తడు గానీ తుంగ అలువదు సార్" అని. ఆయన చదువుకోలేదు. కానీ నేను పుస్తకాల్లో చదివిన దానికన్నా తుంగ గురించి ఆయనకే ఎక్కువ తెలుసు.

ఆయన చేసిన పని ఇప్పుడు మీరూ చేయాలి. గడ్డలో దాచుకున్న తిండి అయిపోయేదాకా దాన్ని మాడ్చడం. మొలక పైకొచ్చిన మొదటి రోజుల్లో అది బతికేది గడ్డలోని నిల్వ మీదే. ఐదారాకులు వచ్చాక ఎండ తిని, ఆ తిండిని కిందకు పంపడం మొదలుపెడుతుంది. మూడు నాలుగు వారాలు వదిలేశారంటే కొత్త గడ్డలు కట్టేస్తుంది. కాబట్టి ఐదో ఆకు రాకముందే మొలక తీసేయాలి. మళ్లీ వస్తుంది, మళ్లీ తీయాలి. వచ్చిన ప్రతిసారీ నిల్వలోంచి ఖర్చే తప్ప జమ ఉండదు. వానాకాలమంతా పది పన్నెండు రోజులకోసారి లాన్ అంతా ఒక చుట్టు తిరగండి. నలభై గజాలకు గంట కూడా పట్టదు. ఈ ఏడు పలచబడుతుంది, పైఏడు అక్కడొకటి ఇక్కడొకటి మిగులుతుంది. ఒక్క సీజన్లో మాయం చేస్తానని ఎవరైనా చెబితే నమ్మకండి.

పనిముట్టుగా ఖుర్పీ కన్నా పాత స్క్రూడ్రైవర్ నయం, పొడవుగా, మొన పలకగా ఉన్నది. వాన పడిన మర్నాడు, మట్టి మెత్తగా ఉన్నప్పుడు మొలక పక్కనే నిలువుగా జానెడు లోతుకు దించి, కొంచెం వెనక్కి వంచి మట్టిని వదులు చేయండి. అప్పుడు మరో చేత్తో మొలకను మొదట్లో పట్టుకుని నిదానంగా లాగితే చాలాసార్లు గడ్డతో సహా వస్తుంది. తుంగ గడ్డల్లో ఎక్కువ భాగం పై జానెడు మట్టిలోనే ఉంటాయి. మెక్సికన్ గడ్డికి మాత్రం చిన్న చీలిక పడుతుందంతే. కాలితో నొక్కితే వారంలో కలిసిపోతుంది. ఖుర్పీతో తవ్వితే అరచేయంత గుంట పడుతుంది, ఆ ఖాళీలో మళ్లీ ముందు మొలిచేది తుంగే. తీసిన గడ్డల్ని కంపోస్టు గుంటలో వేయకండి, అక్కడ హాయిగా బతుకుతాయి. డాబా మీద ఎండలో రేకు పరిచి పూర్తిగా ఎండబెట్టి పారేయండి.

ఇక గ్లైఫోసేట్. దానికి తుంగ, మెక్సికన్ అన్న తేడా తెలియదు. పచ్చటి ఆకు మీద పడితే చాలు, లోపలికి పీల్చుకుని వేరుదాకా పోయి మొత్తం మొక్కను చంపుతుంది. తుంగ మీద మాత్రమే పడేట్టు కొడతానని మాలి అంటాడు. లాన్‌లో అది అయ్యే పని కాదు, చుట్టూ మూరెడు మేర గోధుమరంగు మచ్చలు మిగులుతాయి. పైగా గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మాలి సంచిలోంచి తీసి కొట్టే మందు కాదది.

తుంగను మాత్రమే చంపే మందు లేదా అంటే ఉంది, హాలోసల్ఫ్యూరాన్ మిథైల్. చెరకు తోటల్లో తుంగకు వాడతారు. ఎకరానికి 36 గ్రాములు. ఎకరమంటే 4,840 గజాలు. మీ నలభై గజాలకు లెక్క వేస్తే 0.3 గ్రాము వస్తుంది. వంటింటి త్రాసు మీద అది తూగదు. చిటికెడు వేసి చూద్దామనుకుంటే మోతాదు రెండింతలో మూడింతలో అవుతుంది. కొట్టిన తర్వాత కూడా తుంగ పసుపుబారి వాడిపోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా మందు పనిచేయలేదనుకుని మళ్లీ కొట్టేవాళ్లే ఎక్కువ. ఎకరాల లెక్కన లాన్లున్న క్లబ్బులు, కాలేజీలు నిపుణుల్ని పెట్టుకుని చేయించుకోవచ్చు. ఇంటి ముందు లాన్‌కి నేను చెప్పను.

మీ తుంగ ఎక్కడ దట్టంగా ఉందో ఒకసారి గమనించండి. ఏసీ గొట్టం కారే మూల, కొళాయి దగ్గర పల్లం, వాననీళ్లు నిలిచే అంచు, దాదాపు ఎప్పుడూ ఇవే. తుంగకు తడి ఇష్టం. మన హైదరాబాద్‌లో ఒక అలవాటుంది, రోజూ సాయంత్రం పైపు పట్టుకుని లాన్ మీద పైపైన చిలకరిస్తారు. మనసుకు హాయిగానే ఉంటుంది, కానీ తడి పై అంగుళంలోనే ఉండి మెక్సికన్ వేరు లోతుకు దిగదు. తుంగకేమో గడ్డలో నిల్వ ఉంది కాబట్టి ఎలాగైనా బతుకుతుంది. వానల్లో అసలు నీళ్లు పెట్టకండి. మిగతా రోజుల్లో నాలుగైదు రోజులకోసారి బాగా లోతుగా తడపండి. ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం కోత. మన మాలీలకు లాన్ కోయమంటే తిరుమల గుండు చేసేస్తారు. నెలకోసారి కోస్తారు, నేల కనబడేదాకా కోస్తారు. మట్టికి ఎండ తగిలిందంటే అక్కడున్న ప్రతి కలుపు విత్తనానికీ, తుంగ గడ్డకూ పిలుపు వెళ్లినట్టే. మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తు ఉంచి, ఒక్కసారి మూడోవంతుకు మించకుండా, వానల్లో వారం పది రోజులకోసారి కోయించండి. దట్టంగా ఉన్న గడ్డి నీడలో తుంగ బలహీనపడుతుంది. బలానికి యూరియా గజాల లెక్కన గుప్పెళ్లతో చల్లకండి. నలభై గజాలకు 300 గ్రాములు చాలు. ఆకులు పొడిగా ఉన్నప్పుడు సమంగా చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి, లేకపోతే ఆకు మాడుతుంది. జూన్ చివర ఒకసారి, ఆగస్టులో ఒకసారి.

అసలు ఇది మీ ఇంటికి ఎలా వచ్చిందంటారా? లాన్ వేసేటప్పుడు తోలించిన మట్టిలో వచ్చి ఉంటుంది. ఎర్రమట్టి అని చెప్పి తెచ్చే లారీల్లో సగం చెరువు మట్టి ఉంటుంది, దాన్నిండా తుంగే. మళ్లీ ఎప్పుడైనా ఎక్కడైనా లాన్ వేయాల్సి వస్తే, మట్టి పరిచి, తడిపి, మూడు వారాలు ఊరికే వదిలేయండి. మొలిచినదంతా తవ్వి ఏరేసి, ఇంకోసారి అలాగే చేసి అప్పుడు గడ్డి వేయండి. కాంట్రాక్టర్ ఒప్పుకోడు. ఒప్పించాలి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ లాన్‌లో మూడాకుల మొక్క ఒకటి పాకుతోంది, చిన్న పసుపు పూలు. దానికి తోడు గడ్డిచామంతి, నానబాలు కూడా ఉన్నాయి. 2,4-డి అనే కలుపుమందు కొడితే గడ్డికేమీ కాదు, వెడల్పాకు కలుపే పోతుందని మా సెక్రటరీ గారంటున్నారు. సాయంత్రం పిల్లలు అక్కడే ఆడుకుంటారు. కొట్టించవచ్చా?
అసోసియేషన్ సభ్యుడు, మియాపూర్

జవాబు: మీ సెక్రటరీ గారు చెప్పింది సగం నిజం. 2,4-డి వెడల్పాకు మొక్కల్లో పెరుగుదల అదుపు తప్పేట్టు చేస్తుంది. ఆకులు మెలితిరిగి, కాడ వంకర్లు పోయి చస్తాయి. గడ్డి జాతి దాన్ని తట్టుకుంటుంది. పొలాల్లో ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. కానీ మీ లాన్‌లో ఎక్కువగా ఉన్న మూడాకుల మొక్క పులిచింత. 2,4-డి ఒక్కదానితోనే అది సరిగా లొంగదు. అంటే గడ్డిచామంతి పోతుంది, పులిచింత మిగులుతుంది, ఖాళీ అయిన చోటునూ అదే ఆక్రమిస్తుంది.

ఇంకో చిక్కు గాలి. ఆ మందు తుంపర, ఎండ రోజైతే ఆవిరి కూడా, పక్కకు పోతుంది. టమాటా, మిరప, గులాబీ దానికి చాలా సున్నితం. మొదటి అంతస్తు బాల్కనీల్లో కుండీలు పెట్టుకున్న వాళ్లందరి మొక్కలూ ముడుచుకుపోయిన రోజు జరిగే జనరల్ బాడీ మీటింగ్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. పిల్లలు దొర్లే చోట నేనైతే అసలే కొట్టించను.

చేత్తో తీయించండి. నానబాలుకి ఒకే మొదలు ఉంటుంది, తడి మట్టిలో మొదలు పట్టి లాగితే పూర్తిగా వస్తుంది. గడ్డిచామంతి నేలకానిన కణుపుల దగ్గర కూడా వేరు దించుతుంది, వాటినీ విడిపించి లాగాలి. నానబాలు తెంపితే పాలు కారతాయి, కళ్లు నలుపుకోవద్దని పనివాళ్లకు ముందే చెప్పండి. పులిచింత దగ్గరే ఒడుపు కావాలి. అది పాకుతూ కణుపు కణుపుకీ వేరు దించుతుంది. నడుమ పట్టుకుని లాగితే ముక్కలవుతుంది, ప్రతి ముక్కా ఒక మొక్కే. తీగ కొసల్ని వేళ్లతో దువ్వినట్టు పైకెత్తి, ఒక్కో కణుపూ విడిపించుకుంటూ మధ్యలోని మొదలు దాకా వచ్చి, అప్పుడు స్క్రూడ్రైవర్‌తో ఆ మొదలు లేపాలి. బెండకాయల్లా నిలబడే బుల్లి కాయలు ఎండకముందే ఈ పని కావాలి. ఎండాక చేయి తగిలితే చాలు, పటుక్కున పగిలి విత్తనాలు చుట్టూ చిమ్ముతాయి. మీకు కాయలు కనబడుతున్నాయంటే ఈ వారమే మొదలుపెట్టండి. తీసినవాటిని లాన్ మీద కుప్ప పోయకుండా నేరుగా సంచిలో వేయించండి.

ఇద్దరు ఆడవాళ్లను కూలికి పెడితే రెండు మూడు పూటల్లో అయిపోతుంది. మందు ఖర్చుతో పోలిస్తే కూలి ఎక్కువే, కాదనను. సభ్యులు ఇంటికొకరు ఆదివారం పొద్దున గంట కూర్చుంటే అదీ ఉండదు గానీ, అపార్ట్‌మెంట్లలో ఆ మాట ఎత్తడం కన్నా కూలి ఇవ్వడమే తేలికని నాకూ తెలుసు.

పులిచింతను పచ్చడి చేసుకుంటారు కదా, తినొచ్చా అని మీ ఉత్తరం అడుగున ఎవరో వేరే చేతిరాతతో రాశారు. పుల్లగా బాగానే ఉంటుంది. కుక్కల్ని తిప్పే లాన్‌లోది మాత్రం వద్దు.

ప్రశ్న: మా ప్రహరీ పక్క ఖాళీ ప్లాటు నిండా వయ్యారిభామ. గాలికి విత్తనాలు వచ్చి మా లాన్ అంచంతా మొలుస్తోంది. పోయినసారి పీకితే చేతులంతా దద్దుర్లు. ఉప్పునీళ్లు కొడితే చస్తుందని యూట్యూబ్‌లో చూశాను. కొట్టమంటారా?
రిటైర్డ్ ఉద్యోగి, వనస్థలిపురం

జవాబు: ఉప్పునీళ్లకు వయ్యారిభామ చస్తుందన్న మాట నిజమే. నూటికి 15 నుంచి 20 పాళ్లు ఉప్పు కలిపిన నీళ్లు పూతకు ముందు తడిసేలా కొడితే వాడిపోతుంది. కానీ ఆ సలహా రోడ్డు పక్కలకు, బీడు భూములకు చెప్పింది. లాన్ అంచున కొడితే కలుపుతోపాటు గడ్డీ పోతుంది, ఉప్పు మట్టిలోనే మిగులుతుంది. మన బోరునీళ్లలో ఉన్న ఉప్పు చాలదా ఏమిటి? ప్రహరీ అవతల కూడా వద్దు, వానకు మీ వైపు దిగుతుంది.

మీ లాన్‌లోవి చేత్తో తీసేయదగ్గవే. వయ్యారిభామకు దుంపా లేదు, గొలుసూ లేదు. ఒక్కటే తల్లివేరు. చిన్నగా, ఆకులు నేలకు పరుచుకుని ఉన్నప్పుడు, వాన మర్నాడు లాగితే పూర్తిగా వస్తుంది, పక్క గడ్డి కదలను కూడా కదలదు. పూత రాకముందే లాగాలి. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. నిండు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు, మూతికి మాస్కు. ఒకసారి దద్దుర్లు వచ్చాయంటే మీ ఒంటికి అది పడదని అర్థం, తర్వాతిసారి ఇంకా ఎక్కువ కావచ్చు. ఉబ్బసం ఉంటే అసలు దగ్గరికి పోకుండా మనిషిని పెట్టుకోండి. తీసినవాటిని పచ్చిగా కాల్చకండి.

ఇది మన నేల మొక్క కాదు. 1950ల్లో పుణే దగ్గర మొదట కనబడింది, అమెరికా గోధుమలతో వచ్చిందంటారు. ఇప్పుడు అది లేని ఊరు లేదు. దాన్ని తినే మెక్సికన్ పెంకు పురుగునూ తర్వాత తెచ్చి వదిలారు. తెల్లటి రెక్కల మీద నల్లటి చారలుంటాయి, వానాకాలంలో వయ్యారిభామ ఆకుల్ని జల్లెడ చేసి పెడుతుంది. అది కనబడితే పురుగుమందు కొట్టకండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి.

పక్క ప్లాటు సంగతి. దాని యజమాని దొరకడు, దొరికినా పట్టించుకోడు. మీరే మనిషిని పెట్టి పూతకు ముందు ఒకసారి కోయించి, తగిరిస విత్తనం చల్లించండి, కొందరు తంటెం అంటారు. వానలతోపాటు గుబురుగా లేచి వయ్యారిభామను ఎదగనివ్వదు. అదీ కలుపేగా అంటారేమో. కలుపే, కానీ చేతులకు దద్దుర్లు తేదు.

ప్రశ్న: మెక్సికన్ గడ్డిలో గరిక కలిసిపోతోంది. గరిక మాత్రమే పోయే మందు చెప్పండి.
ఓ పాఠకుడు, నాచారం

జవాబు: గడ్డిలోంచి గడ్డిని వేరుచేసే మందు ఇంట్లో వాడదగ్గది లేదండీ. గరిక తీగ మట్టి పైనా పోతుంది, లోపలా పోతుంది. పీకితే మెక్సికన్ కూడా లేచి వస్తుంది. అరచేయంత మేర ఉంటే ఆ ముక్కను మట్టితో సహా కోసి తీసేసి, వేరే చోటి నుంచి మంచి ముక్క అతికించండి. అంతకన్నా పాకితే వదిలేయండి. ఎండలో, నీళ్లు తక్కువైన చోట, పిల్లలు తొక్కే చోట గరికంత గట్టిది ఇంకోటి లేదు. మీ మెక్సికన్ మూడు వేసవుల్లో అలిసిపోతే లాన్‌ని పచ్చగా ఉంచేది అదే. పైగా వినాయక చవితికి వీధిలో వాళ్లంతా మీ గేటు దగ్గరికే వస్తారు.

ప్రశ్న: మరిగే నీళ్లు, వెనిగర్ పోస్తే కలుపు పోతుందా?
ఈసీఐఎల్ నుంచి ఒకరు

జవాబు: నాపరాళ్ల సందుల్లో మొలిచినవాటికి మరిగే నీళ్లు భేషుగ్గా పనిచేస్తాయి. లాన్‌లో పోస్తే లాన్ ఉడుకుతుంది. వెనిగర్ పై ఆకును కాలుస్తుంది, తుంగకు అది చక్కిలిగింత.

ప్రశ్న: కలుపంతా తీయించాక లాన్ అక్కడక్కడా బోడిగా కనబడుతోంది. మామిడి చెట్టు కింద మరీ ఘోరం. మళ్లీ గడ్డి పరుపులు కొనాలా?
ఓ గృహిణి, కొంపల్లి

జవాబు: కొనక్కర్లేదు. లాన్ అంచుల్లో, నడకదారి మీదికి పాకిన గడ్డి ఎలాగూ కోసి పారేస్తారు కదా, దాన్నే వాడండి. వేరుతో, రెండు మూడు కణుపులతో ఉన్న తీగల్ని బెత్తెడు ముక్కలుగా చేసుకోండి. బోడి మచ్చలో మట్టిని పై రెండంగుళాలు గుల్ల చేసి, గుప్పెడు ఇసుక, గుప్పెడు వర్మీకంపోస్టు కలిపి, ఆ ముక్కల్ని నాలుగు వేళ్ల ఎడంతో గుచ్చండి. కాలితో గట్టిగా నొక్కండి. వేరుకు మట్టి ఆనాలి, లేదంటే ఎండిపోతుంది. వాన లేని రోజుల్లో పది రోజులపాటు పొద్దున్నే తడపండి. ఈ ఒక్క పనికి మాత్రం రోజూ చిలకరించడం తప్పు కాదు. సెప్టెంబరు లోపు నాటితే చలి మొదలయ్యేలోగా కలిసిపోతుంది. పశువుల ఎరువు కొని వేయాలనుకుంటే బాగా మాగినదే అడగండి. పచ్చిదైతే కలుపు విత్తనాలు మళ్లీ మీరే చల్లినట్టు.

మామిడి చెట్టు కింద మాత్రం పట్టుదల వద్దమ్మా. మెక్సికన్‌కి ఎండ కావాలి, రోజులో సగం పూటయినా. చిక్కటి నీడలో పలచబడుతుంది, ఆ సందులో కలుపు చేరుతుంది, మీరు మళ్లీ పీకిస్తారు, మళ్లీ పలచబడుతుంది. కిందికి వేలాడే కొమ్మలు రెండు మూడు తీయిస్తే కొంత వెలుతురు వస్తుంది. కోత అయిపోయిన ఈ రోజులే దానికి అనువైనవి. అప్పటికీ గడ్డి నిలవకపోతే చెట్టు గొడుగు మేర లాన్ వదిలేసి, మొదలుకు ఆనకుండా రాలిన ఆకులే రెండంగుళాల మందాన పరచండి, లేదా గులకరాళ్లు పోయించి రెండు కుర్చీలు వేసుకోండి.